తుపాకీ మడమలో రంగం నూనె

హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లో దాన్ని అమ్మినాయన సుర్మా బుడ్డి అనుకున్నాడు. ఆయన్ని తప్పు పట్టలేం. చూపుడు వేలంత ఇత్తడి బుడ్డి, పైన మర మూత. మూత విప్పితే దానికే అతుక్కుని సన్నటి చెంచా పైకొస్తుంది. ఒంటి మీద బ్రిటిష్ సర్కారు బాణం గుర్తు చూశాక గానీ అది సైనికుడి నూనె బుడ్డి అని నాకూ తట్టలేదు.

మన పోలీసుల భుజాన ఏళ్ల తరబడి వేలాడిన త్రీనాట్‌త్రీ, అదే లీ-ఎన్‌ఫీల్డ్ తుపాకీ, దాని మడమ చివర ఇత్తడి రేకులో చిట్టి తలుపు ఉంటుంది. తెరిస్తే చెక్కలో తొలిచిన గూడు. ఈ బుడ్డి, గొట్టం తుడవడానికి చుట్ట చుట్టి పెట్టిన పుల్‌త్రూ తాడు ఉండేది అందులోనే. తాడుకు ఒక కొసన ఇత్తడి బరువు, రెండో కొసన ఉచ్చు. ఆ ఉచ్చులో 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు గుడ్డ పీలిక దూర్చి, బరువును గొట్టంలోకి జారవిడిచి అవతల నుంచి లాగాలి. ఎన్‌సీసీలో చేసినవారికి ఆ పీలిక ‘చిందీ’గా గుర్తుండే ఉంటుంది. చెంచా పొదుపు కోసం: నూనె ఒలకదు, కావలసిన చోట చుక్క పడుతుంది. మూత కింద తోలు వాషర్ కారకుండా కాపాడుతుంది.

అయితే కాల్చిన తుపాకీకి నేరుగా నూనె పూస్తే చెడినట్టే. ఆనాటి తూటా అడుగున పేలే మందు గొట్టంలో ఉప్పులాంటి మడ్డి వదిలేది. ఉప్పు నూనెలో కరగదు. ఆవకాయ పెట్టే ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. అందుకే ముందు మరిగే నీళ్లు పోసి కడిగి, పొడిగా తుడిచి, ఆ తర్వాతే నూనె.

ఆ నూనెకు సైన్యం నిబంధనల్లో ఉన్న పేరు రంగూన్ ఆయిల్. 1857లో తూటాల మీది కొవ్వు సిపాయిలను తిరగబడేలా చేసింది. రంగూన్ ఆయిల్ మాత్రం భూమిలోంచి తోడిన నూనె, ఆవు, పంది కొవ్వు గొడవ లేదు. బర్మాలో ఎనాంజావుంగ్ దగ్గర బావులు తవ్వి నూనె తోడడం ఆంగ్లేయులు రాకముందు నుంచీ ఉంది. 1886లో పుట్టిన బర్మా ఆయిల్ కంపెనీ దాన్ని పెద్ద వ్యాపారం చేసింది. రంగూన్‌కు నది అవతల సిరియంలో ఆ కంపెనీ శుద్ధి కర్మాగారం ఉండేది. అక్కడి కూలీల్లో తెలుగువాళ్లు ఎందరో.

రంగూన్‌ను మనవాళ్లు రంగం అన్నారు. కోరంగి రేవు పేరు మీద మనవాళ్లను అక్కడ ‘కోరంగీలు’ అన్నారు. అందులో మర్యాద తక్కువ, ఎకసెక్కం ఎక్కువ. తుపాకీ చరిత్ర రాసేవాళ్లు బుడ్డి మీది ముద్రలను భూతద్దం పెట్టి చదువుతారు. నూనె వెనకున్న ఈ మనుషుల మాట మాత్రం ఎత్తరు.

1942 మార్చి 7న, జపాన్ సేనలకు దక్కకుండా, బ్రిటిష్‌వాళ్లే సిరియం కర్మాగారాన్ని ధ్వంసం చేశారు. నష్టపరిహారం కోసం కంపెనీ కోర్టుకెక్కి 1964లో గెలిచింది. 1965లో బ్రిటిష్ పార్లమెంటు ఆ గెలుపును కొట్టేస్తూ చట్టం చేసింది. యుద్ధం రోజుల్లోనే మనవాళ్లు అడవుల వెంట కాలినడకన తిరిగొచ్చారు. దారిలో పోయినవారు పోగా.

మీ ఇంటి అటక మీద రంగం నుంచి వచ్చిన రేకు పెట్టె ఉంటే, పాత సామాన్లవాడికి వేసే ముందు ఒకసారి తెరిచి చూడండి.