భూకంపమూ మన ఇల్లూ: గృహ బీమా, ముందుజాగ్రత్తలు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు గ్రామాలలో ఇల్లు ఒక తరపు సంపాదన కాదు. తాత పునాది వేయగా తండ్రి గోడలు లేపును, కొడుకు పైకప్పు మార్చును. ఇట్టి ఇల్లు కొద్ది క్షణములలో నేలమట్టమైతే తిరిగి కట్టుకొను శక్తి ఎందరికి కలదు? మన ప్రాంతమున పెద్ద భూకంపములు అరుదు. అయినను అరుదన్న మాటకు రాదని అర్థము కాదు.

మన ప్రాంతపు స్థితి

భారత ప్రమాణాల సంస్థ 2002లో సవరించిన పటము దేశమును నాలుగు భూకంప మండలములుగా విభజించినది. అందు బెంగళూరు తక్కువ ప్రమాదము గల రెండవ మండలములోను, సేలము, చెన్నై నగరములు మధ్యస్థమైన మూడవ మండలములోను ఉన్నవి. మన జిల్లా వీటి నడుమ నున్నది. ఈ పటములు కాలక్రమమున సవరింపబడుచుండును గనుక క్రొత్త ఇల్లు కట్టువారు నాటికి అమలులోనున్న నియమములను ఇంజనీరు నడిగి తెలిసికొనవలెను.

దక్షిణాదిన భూమి కంపించిన సందర్భములు లేకపోలేదు. 1900 ఫిబ్రవరి 8న కోయంబత్తూరు ప్రాంతమున సుమారు 6 తీవ్రతతో భూకంపము సంభవించినది. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం ప్రాంతములు కంపించినవి. 2024 డిసెంబరు 4న తెలంగాణలోని ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపము హైదరాబాదు వరకు తెలిసినది.

లాతూరు నేర్పిన పాఠము

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు, ఉస్మానాబాదు జిల్లాలలో 6.2 తీవ్రతతో భూమి కంపించినది. ఏడు వేలకు పైగా ప్రజలు మరణించిరి. నాటి పటములో ఆ ప్రాంతము అన్నిటికంటె తక్కువ ప్రమాదము గల మండలములో ఉండెను. అక్కడ ప్రాణములు తీసినది భూమి కంటె ఇండ్లే. బురదతో పేర్చిన దళసరి రాతి గోడలు, వాటిపై కొయ్య దూలములు, ఆపైన మందముగా పరచిన మట్టి కప్పు నిద్రించుచున్నవారిపై కూలినవి. మన పాత రాతి ఇండ్లలో నివసించువారు ఈ సంగతి మరువరాదు.

2001 జనవరి 26నాటి భుజ్ భూకంపము మరియొక పాఠము నేర్పినది. కేంద్రమునకు 200 కిలోమీటర్లకు మించిన దూరములోనున్న అహ్మదాబాదులో బహుళ అంతస్తుల భవనములు కూలినవి. వాటిలో పెక్కింటికి క్రింది అంతస్తులో గోడలు లేక, వాహనములు నిలుపుటకై స్తంభములు మాత్రమే ఉండెను. పరిశ్రమల వలన హోసూరులో అద్దె ఇండ్లు ఈ తీరుననే లేచుచున్నవి. ఖాళీ అంతస్తులో స్తంభములతో పాటు కొన్ని కాంక్రీటు గోడలుండుట క్షేమము.

ఇంటిని సిద్ధపరచు విధము

క్రొత్తగా కట్టువారు పునాదిపైన, తలుపులు, కిటికీల పైభాగమున, కప్పు క్రింద ఇనుప కడ్డీలతో కాంక్రీటు పట్టీని ఇల్లంతయు తెగకుండ చుట్టి వేయించవలెను. ఇది గోడలను ఒక పెట్టె వలె కలిపి పట్టియుంచును. కిటికీలపై మాత్రమే ముక్కలుగా వేసిన లింటెలు ఈ పని చేయదు. మూలలలో నిలువు కడ్డీలు ఉంచవలెను. తలుపులు, కిటికీలు మూలకు రెండడుగులైనా దూరముగా ఉండవలెను.

రాతి గోడ కట్టునప్పుడు గోడ రెండు ముఖములను కలుపు పొడవైన రాళ్ళను ఎత్తులో రెండడుగులకొకటి, పొడవులో నాలుగడుగులకొకటి చొప్పున పెట్టవలెను. అవి లేనిచో కంపనమునకు గోడ రెండు పొరలుగా విడిపోవును.

పాత ఇండ్లవారు కప్పుపై పేరుకొనిన అనవసరపు మట్టి బరువును తగ్గించవలెను. ఉబ్బిన గోడలను, విడిపోయిన మూలలను అనుభవము గల ఇంజనీరుకు చూపి, ఇనుప వల, సిమెంటు పూతతో బలపరచవచ్చును. బీరువాను గోడకు బిగించుట, మంచము పైనున్న అటకపై బరువులు పెట్టకుండుట, గ్యాసు సిలిండరు దొర్లకుండ కట్టుట ఖర్చులేని జాగ్రత్తలు.

బీమా సంగతి

పూర్వము అగ్ని బీమా పాలసీలో భూకంప రక్షణ అదనపు రుసుముతో విడిగా కొనవలసి ఉండెను. 2021 ఏప్రిల్ 1 నుండి బీమా నియంత్రణ సంస్థ ఆదేశముతో అమలులోనికి వచ్చిన ‘భారత్ గృహ రక్ష’ పాలసీలో అగ్ని, తుపాను, వరదలతో పాటు భూకంపము కూడ చేరియున్నది. ప్రభుత్వ రంగములోని నాలుగు సాధారణ బీమా సంస్థలును, ప్రైవేటు సంస్థలును దీనిని ఇచ్చుచున్నవి.

ఈ బీమా స్థలము విలువకు కాక, ఇంటిని తిరిగి కట్టుటకగు ఖర్చునకే వర్తించును. ఉదాహరణకు 800 చదరపు అడుగుల ఇంటికి అడుగునకు 1,800 రూపాయలు ఖర్చగుననుకొనిన, బీమా మొత్తము 14,40,000 రూపాయలు. ఇంటి సామానుకు ఆ మొత్తములో 20 శాతము, అనగా 2,88,000 రూపాయల రక్షణ తనంతట లభించును. దీని గరిష్ఠ పరిమితి 10 లక్షలు. నగల వంటి విలువైన వస్తువులకు అదనపు రక్షణ కోరవలెను. పశువులకు వేరుగా బీమా చేయించవలెను.

ఇందలి మరియొక మేలు గమనింపదగినది. పూర్వము 14 లక్షల ఇంటిని 7 లక్షలకే బీమా చేసి, 3 లక్షల నష్టము పొందినవారికి సగమే దక్కెడిది. ఈ పాలసీలో బీమా మొత్తమునకు లోబడి పూర్తి నష్టము చెల్లింతురు.

బ్యాంకు గృహ ఋణమునకు బీమా ఉన్నదని కొందరు ధీమాగా ఉందురు. అది ఋణగ్రహీత ప్రాణమునకు చేసిన బీమాయో, ఇంటికి చేసిన బీమాయో కాగితములు తీసి చూడవలెను. ఈ రెండును వేరు.

పత్రములే ప్రాణము

మన గ్రామములలో పట్టా ఇంకను గతించిన తాతగారి పేర నుండుట సాధారణము. అన్నదమ్ములు పంచుకొనియు పేరు మార్పించుకొనరు. నష్టము వచ్చిననాడు ఇల్లు ఎవరిదన్న ప్రశ్న ముందు నిలుచును. కనుక పట్టా, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు నేటి యజమాని పేర ఉండునట్లు ఇప్పుడే చూచుకొనుడు. వాటి నకళ్ళను, ఇంటి ఛాయాచిత్రములను వేరొక ఊరి బంధువుల వద్ద కూడ ఉంచుడు. పత్రములు తమిళమునను, పాలసీ ఆంగ్లమునను ఉండును గనుక అర్థము కానిదానిపై సంతకము చేయక, చదివించుకొని తెలిసికొనుడు. ఇల్లు రాతిదో, పెంకుటిల్లో, తాటాకుల కప్పుదో దాచక వ్రాయించుడు.

క్వారీలో మందు పేల్చుటవలన గోడ పగిలినచో అది భూకంపము క్రిందికి రాదు. ఆ ఫిర్యాదును రెవెన్యూ అధికారులకు లిఖితపూర్వకముగా ఇచ్చి రసీదు పొందవలెను.

కంపించిన వేళ

లోపలనున్నవారు బలమైన బల్ల క్రింద చేరి తల కాపాడుకొనవలెను. పాత రాతి ఇంటిలో వాకిలి చెంతనున్నవారు వెంటనే బయలులోనికి పోవుట మేలు. పిదప గ్యాసును, కరెంటును ఆపవలెను. మరల కంపించవచ్చును గనుక పగిలిన ఇంటిలోనికి సామాను కొరకు పోరాదు. జిల్లా విపత్తు సహాయమునకు 1077కు ఫోను చేయవచ్చును.

బీమా గలవారు సంస్థకు వెంటనే తెలిపి, శిథిలములు తీయకముందే ఫోటోలు తీయవలెను. సంస్థ న్యాయము చేయనిచో 155255 నెంబరుకు ఫిర్యాదు చేయవచ్చును. అప్పటికిని పరిష్కారము కానిచో చెన్నైలోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును.

ఇల్లు కాలిన పిదప బావి త్రవ్వుట మనకు తగదు. ఈ ఆదివారము ఒక్క గంట కేటాయించి ఇంటి నాలుగు మూలలు చూడుడు, పెట్టెలోని పట్టా తీసి అది ఎవరి పేర నున్నదో చదువుడు.