కానన్ జాన్ కాలిన్స్: కెథడ్రల్ నుంచి న్యాయస్థానం దాకా

దక్షిణాఫ్రికాలో జాతివివక్షపై జరిగిన పోరాటాన్ని నాయకుల జీవితాల ద్వారా తెలుసుకున్నారు. మరి దేశద్రోహ నేరం ఎదుర్కొన్నవారి తరఫున వాదించడానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? జవాబులో ముఖ్యభాగం లండన్‌లోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో దొరుకుతుంది.

జాన్ కాలిన్స్ (1905-1982) కేంబ్రిడ్జిలో చదివి, 1928లో ఆంగ్లికన్ మతాచార్యులయ్యారు. 1946లో ‘క్రిస్టియన్ యాక్షన్’ సంస్థను స్థాపించారు. 1948లో సెయింట్ పాల్స్ కానన్‌గా నియమితులై, 1981 వరకు కొనసాగారు. కానన్ అంటే కెథడ్రల్ ఆరాధన, నిర్వహణ బాధ్యతలను పంచుకునే మతాచార్యుడు. దక్షిణాఫ్రికాలో నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చింది కూడా 1948లోనే.

1956 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం నెల్సన్ మండేలాతో సహా 156 మందిపై దేశద్రోహ నేరం మోపింది. విచారణ నాలుగేళ్ళకు పైగా సాగింది. నిందితుల న్యాయపోరాటానికి, వారి కుటుంబాల పోషణకు కాలిన్స్ విరాళాలు సేకరించి పంపారు. 1961 మార్చిలో, చివరికి మిగిలిన నిందితులంతా నిర్దోషులుగా విడుదలయ్యారు.

ఈ కృషి నుంచే ‘డిఫెన్స్ అండ్ ఎయిడ్’ నిధి ఏర్పడింది. 1966లో దక్షిణాఫ్రికా దానిని నిషేధించింది. సహాయం ఆగలేదు, మార్గం మారింది. న్యాయవాదుల రుసుము మధ్యవర్తుల ద్వారా చేరేది. బ్రిటన్‌లోని సామాన్యులు ఖైదీల కుటుంబాలకు స్నేహితుల్లా ఉత్తరాలు రాస్తూ డబ్బు పంపేవారు.

మతాచార్యుడికి రాజకీయాలెందుకని కాలిన్స్‌ను చర్చిలోనే చాలామంది విమర్శించారు. ఆయన కృషిని అంచనా వేసేటప్పుడు ఒక విషయం గమనించండి: నిందితుడికి న్యాయవాది లేని చోట విచారణ పేరుకే విచారణ.