పసుపు, పాలు, మిరియాలు, లక్క: మొక్కల ఔషధ గుణానికి వాహకాల తోడు

జంషెడ్‌పూర్‌కు ఎదురుగా సువర్ణరేఖ నది ఆవలి ఒడ్డున విస్తరించిన పట్టణం మాంగో. 1961లో స్థాపితమైన మహాత్మాగాంధీ స్మారక వైద్య కళాశాల ఇక్కడి డిమ్నా రోడ్డులో ఉంది. నదికి ఇవతల జంషెడ్‌పూర్ నగరంలో మెహర్‌బాయి టాటా స్మారక ఆసుపత్రి 1975 నుంచి క్యాన్సర్ చికిత్స అందిస్తోంది. ఉక్కు పరిశ్రమలో కొలువుల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. పసుపు కలిపిన పాలు క్యాన్సర్‌ను అడ్డుకుంటాయన్న మాట ఇక్కడా, తెలుగు రాష్ట్రాల్లోనూ తరచుగా వినిపించేదే. ఈ నమ్మకంలోని నిజానిజాలు తెలియాలంటే వాహకం పాత్రను అర్థం చేసుకోవాలి.

ప్రయోగశాలకూ శరీరానికీ తేడా

పసుపులోని ముఖ్య రసాయనం కర్కుమిన్. పసుపు పొడిలో దీని పాలు సుమారు 2 నుంచి 5 శాతం మాత్రమే. ప్రయోగశాలలో దీనిని ద్రావకంలో కరిగించి నేరుగా క్యాన్సర్ కణాలపై వేస్తే వాటి పెరుగుదల మందగిస్తుంది. నోటి ద్వారా తీసుకున్నప్పుడు పరిస్థితి వేరు. కర్కుమిన్ నీటిలో దాదాపు కరగదు. పేగులో కొంత విచ్ఛిన్నమవుతుంది. రక్తంలోకి ప్రవేశించిన కొద్ది భాగాన్నీ పేగు గోడ, కాలేయం వేగంగా మార్చి బయటకు పంపుతాయి. ఇటువంటి పదార్థాన్ని చెడకుండా కాపాడి, కరిగించి, గమ్యానికి చేర్చే తోడు పదార్థమే వాహకం.

వంటింటి వాహకాలు

పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు సూక్ష్మ గోళాలుగా ఉంటుంది. నీటికి దూరంగా ఉండే కర్కుమిన్ ఆ గోళాలలో ఇమిడి, త్వరగా విచ్ఛిన్నం కాకుండా నిలుస్తుంది. టమాటాలోని లైకోపీన్‌కు నూనె ఇదే విధంగా తోడ్పడుతుంది. పచ్చి టమాటా కంటే నూనెలో ఉడికించిన టమాటా నుంచి శరీరం లైకోపీన్‌ను ఎక్కువగా గ్రహిస్తుంది.

మిరియాలలోని పైపరిన్ వాహకం కాదు, సహాయకారి. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 2 గ్రాముల కర్కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇచ్చినప్పుడు, మనుషులలో దాని లభ్యత 20 రెట్లు పెరిగిందని ప్రకటించారు. అయితే కర్కుమిన్‌ను విడిగా ఇచ్చినప్పుడు రక్తంలో కనిపించిన మొత్తం అత్యల్పం. కనుక ఈ పెరుగుదలను ఆ దృష్టితోనే చూడాలి.

జార్ఖండ్ లక్క

మోదుగ, రేగు, కుసుమ చెట్లపై లక్క పురుగులు స్రవించే జిగురు నుంచి షెల్లాక్ తయారవుతుంది. లక్క ఉత్పత్తిలో జార్ఖండ్ దేశంలో ముందు వరుసలో ఉంది. రాంచీ సమీపంలోని నామ్‌కుమ్‌లో 1924లోనే లక్క పరిశోధన సంస్థ ఏర్పడింది. షెల్లాక్ జీర్ణాశయంలోని ఆమ్లంలో కరగదు, క్షార గుణం గల పేగులో కరుగుతుంది. అందుకే మాత్రల పైపూతగానూ, మిఠాయిలకు మెరుపునిచ్చే పూతగానూ దీనిని వాడతారు. ఈ గుణం ఆధారంగానే కర్కుమిన్‌ను షెల్లాక్ సూక్ష్మకణాలలో బంధించి పేగుకు చేర్చే పరిశోధనలు జరుగుతున్నాయి. అవి ఇంకా ప్రయోగశాల స్థాయిలోనే ఉన్నాయి.

శోషణ వేరు, చికిత్స వేరు

రక్తంలోకి చేరినంత మాత్రాన వ్యాధి తగ్గదు. అమెరికాలోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రం క్లోమ క్యాన్సర్ రోగులకు రోజుకు 8 గ్రాముల కర్కుమిన్ ఇచ్చి, 2008లో ఫలితాలు వెల్లడించింది. అంచనాకు అందిన 21 మందిలో ఇద్దరిలో మాత్రమే కొంత ప్రభావం కనిపించింది.

చికిత్సలో స్థిరపడిన మొక్కల మందుల దారి వేరు. బిళ్లగన్నేరు నుంచి లభించే విన్‌క్రిస్టిన్‌ను సిర ద్వారానే ఇస్తారు. యూ చెట్టు నుంచి వచ్చిన పాక్లిటాక్సెల్ నీటిలో కరగదు. దానిని కరిగించేందుకు వాడిన ద్రావకం కొందరిలో తీవ్రమైన అలర్జీకి దారితీసేది. రక్తంలోని ఆల్బుమిన్ మాంసకృత్తును వాహకంగా మార్చిన రూపానికి 2005లో అమెరికా అనుమతి లభించింది. మందు అదే అయినా వాహకం మారడంతో ఆ ద్రావకం అవసరం తప్పింది.

రోగులు గమనించవలసినవి

శోషణను పెంచే గుణమే ఒక్కోసారి హాని చేస్తుంది. పైపరిన్ మందులను మార్చే ఎంజైములను అడ్డుకోగలదు. రొమ్ము క్యాన్సర్ మందు టామాక్సిఫెన్ వాడుతున్నవారిపై నెదర్లాండ్స్‌లో జరిగిన అధ్యయనం 2019లో ప్రచురితమైంది. కర్కుమిన్, పైపరిన్ కలిపి తీసుకున్నప్పుడు ఆ మందు క్రియాశీల రూపం రక్తంలో తగ్గినట్లు అందులో తేలింది. అధిక శోషణ కోసం తయారైన పసుపు గుళికలతో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలూ నమోదయ్యాయి.

కూరలో వేసే చిటికెడు పసుపుకూ, గ్రాముల కొద్దీ సారం నింపిన గుళికకూ పోలిక లేదు. చికిత్సలో ఉన్నవారు అటువంటి గుళికల విషయం వైద్యునికి ముందుగా తెలియజేయడం అవసరం. వాటిని నమ్ముకొని చికిత్సను మానుకోవడం, వాయిదా వేయడం ప్రాణాపాయానికి దారితీస్తుంది.