లష్కరు యువజనుల వేషము, పాట, రేడియో



పదునైదేండ్లు మొదలు ఇరువదేండ్ల వఱకు గల వయస్సునకు మన పూర్వులు ప్రత్యేకమైన సంస్కృతి నేర్పఱచి యుండలేదు. బాల్యము ముగియుటయు, సంసారభారము మొదలగుటయు ఒకదాని వెంట నొకటి జరిగెడివి. ఈ నడిమి వయస్సునకు దానిదైన దుస్తు, దానిదైన పాట, దానిదైన వేళ యేర్పడుట యిరువదవ శతాబ్దపు విశేషము. బ్రిటనులో ఇది రెండవ మహాయుద్ధము తరువాత స్పష్టముగా కనబడినది. మన సికింద్రాబాదులో నది యెట్లు జరిగెనో మనవి చేసెదను.

1798 నాటి సంధి ననుసరించి ఆంగ్లసేనలు హుస్సేన్ సాగరమునకు ఉత్తరముగా దిగినవి. 1806లో నిజాము సికందర్ జా పేరు ఆ ప్రదేశమునకు కలిగినది. ప్రజలు మాత్రము నేటికిని దానిని లష్కరనియే పిలుతురు. లష్కరనగా దండు. దండు వలన ఊరివారికి కలిగిన మొదటి లాభము (దీనిని లాభమందురో, నష్టమందురో శ్రోతల యిష్టము) పరుల వేషమును, వాద్యమును నిత్యము కన్నులార చూచుట, చెవులార వినుట. పరేడ్ మైదానమున మ్రోగిన ఇత్తడి వాద్యములే కాలక్రమమున మన పెండ్లి యూరేగింపులలో బ్యాండు మేళమైనవి. 1874లో రైలు వచ్చినది. పిమ్మట లాలాగూడలో రైల్వే కర్మాగారము వెలసినది. అచ్చటి ఆంగ్లో ఇండియను కుటుంబముల యిండ్లలో పియానో, గిటారు, గ్రామఫోను, జంటనాట్యములు సామాన్యములు. వీధికి ఇవతల హరికథ, అవతల వాల్ట్జు. 1934లో తిరుమలగిరిలో జన్మించిన శ్యామ్ బెనెగల్ దండు సినిమాశాలలో చిత్రములు చూచుచు పెరిగినవాడే.

అయినను, చూచుట వేఱు, అనుసరించుట వేఱు. బ్రిటనులో యుద్ధానంతరము పదునాఱేండ్ల బాలుడు కర్మాగారమున చేరి తన కూలి తాను పుచ్చుకొనెను. ఆ డబ్బుతోనే 1950 తరువాతి 'టెడ్డీ బాయి' తన పొడుగు కోటు కుట్టించుకొనెను. 1955లో మేరీ క్వాంట్ లండనులో తెఱచిన దుకాణమునకు వయస్సులోని స్త్రీలు వెళ్ళిరి. లష్కరు కుఱ్ఱవానికి సొంత సంపాదన యేది? బట్టలు దసరాకో, సంక్రాంతికో తండ్రి కొనిపెట్టవలెను. ఒకే తానులో అన్నదమ్ములందఱకు చొక్కాలు కుట్టించుట మధ్యతరగతి యిండ్లలో పరిపాటి. కావున మన నాగరికత దుకాణమున గాక దర్జీ కత్తెర మొనయందు పుట్టినదని నా యభిప్రాయము. 1960 ప్రాంతమున పంట్లాము కాలి అంచు గొట్టమువలె బిగిసెను. పదేండ్లు తిరుగకుండ అదే అంచు గంటవలె విచ్చుకొని 'బెల్ బాటమ్' అయ్యెను. గుడ్డ తండ్రిది, కొలత మాత్రము కుమారునిది. ఇంటింట జరిగిన వాగ్వాదములన్నియు ఆ కొలతను గూర్చియే.

ఇక రేడియో విషయము. ఇది యెక్కువ ఆసక్తికరమైనది. హైదరాబాదులో నిజాము ప్రభుత్వపు రేడియో 1935లో ఆరంభమైనది. దానిని దక్కన్ రేడియో యనిరి. 1950 ఏప్రిలు 1వ తేదీన అది ఆకాశవాణిలో చేరినది. 1952లో ప్రసారశాఖ మంత్రి పదవికి వచ్చిన బి.వి. కేస్కర్ గారు సినిమా పాటలు జనుల అభిరుచిని చెఱచునని నమ్మి, ఆకాశవాణిలో వానిని మిక్కిలి తగ్గించివేసిరి. ఫలితమేమి? యుద్ధకాలమున ఆంగ్లసైన్యముల వినోదమునకై కొలంబోలో వెలసిన రేడియో, సిలోను ప్రభుత్వమునకు సంక్రమించి, నూఱు కిలోవాట్ల షార్టు వేవు బలముతో సముద్రము దాటి పలుకుచుండెను. 1952 డిసెంబరు 3వ తేదీన దానిలో 'బినాకా గీతమాల' మొదలైనది. అమీన్ సయానీ గారు బొంబాయిలో మాటలాడి ముద్రించిన టేపులు విమానముపై కొలంబోకు పోయి, అచ్చటినుండి ఆకాశమార్గమున తిరిగి మనకు వచ్చెడివి! బుధవారపు సాయంకాలము ఇంట రేడియో లేనివారు పొరుగింటి కిటికీ క్రిందను, ఇరానీ హోటలు బల్లల దగ్గఱను చేరిరి. ఒక కప్పు చాయకు ఒక గంట పాట. యజమాని లేచిపొమ్మనునంత వఱకు.

ఇంగ్లండులోను అచ్చముగ నిట్లే జరిగినది. బి.బి.సి. పెద్దల మర్యాదను పాటించుచుండ, అచ్చటి పిల్లలు రాత్రివేళ రేడియో లక్సెంబర్గు కొఱకు మీటలు త్రిప్పిరి. 1964లో సముద్రమున లంగరు వేసిన ఓడ నుండి 'రేడియో కారొలైన్' పాటలు వెదజల్లెను. ప్రభుత్వము 1967లో అట్టి ఓడలను చట్టముచే నిషేధించినది. ఆ యేటి సెప్టెంబరు 30న బి.బి.సి. తానే 'రేడియో వన్' అను యువజన కేంద్రమును తెఱచినది. మన ఆకాశవాణి యీ పాఠమును పదేండ్లు ముందుగనే నేర్చుకొని, 1957 అక్టోబరు 3న 'వివిధ భారతి'ని నెలకొల్పినది. దొరలకంటె మనము ముందు లొంగితిమనుట అవమానము కాదు, వివేకము.

కేస్కర్ గారికి న్యాయము చేయవలెనన్న మఱొక మాట చెప్పవలెను. సినిమా పాటకు బదులు లలితసంగీతమును పెంచవలెనని ఆయన కోరిరి. ఆ కోరికవలన మన భాషకు మేలే కలిగినది. హైదరాబాదు కేంద్రములో పాలగుమ్మి విశ్వనాథము, మహాభాష్యము చిత్తరంజన్ గార్లు కూర్చిన గీతములు ఆడపిల్లలు పుస్తకము, కలము పట్టుకొని రేడియో యెదుట కూర్చుండి నేర్చిరి. హోటలు బల్ల మగపిల్లలది. ఇంటి రేడియో మాత్రము లంగా ఓణీ వేసిన పిల్లది. ఆమె వీధిలో నిలిచి పాట వినుటకు సమ్మతింపని పెద్దలు వంటయింటి గుమ్మమున ట్రాన్సిస్టరు మ్రోగుచుండగా నేమియు ననలేకపోయిరి. కోరిన పాటకై పోస్టుకార్డు వ్రాసి, తన పేరును ఊరి పేరుతో గూడ గాలిలో విన్న నాటి ఆనందము సామాన్యము కాదు. పత్రికలో పేరు పడుటకు ఘనకార్యము కావలెను. దీనికి కార్డొకటి చాలును.

1969 జూలైలో ఢిల్లీలో 'యువవాణి' ప్రారంభమై పిమ్మట హైదరాబాదునకును వచ్చినది. అంతవఱకు యువకులు వినువారే. అప్పుడు మైకు ముందు కూర్చుండి పలుకువారైరి. వేషముకంటెను, పాటకంటెను ఇది పెద్ద మార్పని నేను తలంచెదను. పెద్దలు వ్రాసిచ్చిన మాటలు గాక తమ కాలేజీని, తమ నిరుద్యోగమును, తమ కవిత్వమును గూర్చి తామే మాటలాడిరి. నాటి యువవాణిలో గొంతు విప్పినవారిలో కొందఱు తరువాత ప్రసారవృత్తిలోనే స్థిరపడిరి.

1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శనము వచ్చినది. నాటినుండి పాటను వినుటతో పాటు చూచుటయు అలవాటైనది. 1990 తరువాత ఉపగ్రహ చానళ్ళు, 2006లో ప్రైవేటు ఎఫ్.ఎమ్. కేంద్రములు వచ్చినవి. ఇప్పుడు లష్కరు యువకుడు తనకు కావలసిన పాటను చేతిలోని ఫోనునందే, తన చెవికి మాత్రమే వినిపించునట్లు పెట్టుకొనును. కిటికీ క్రింద నిలువనక్కఱలేదు; పోస్టుకార్డు వ్రాయనక్కఱలేదు. పొరుగువానికి ఆ పాట యేదో తెలియనే తెలియదు.