డబ్ల్యు.డి.ఎం-2

డబ్ల్యు.డి.ఎం-2 భారతీయ రైల్వేలలో 1962లో ప్రవేశించిన డీజిల్ రైలింజను. దీని అశ్వసామర్థ్యం, అనగా హార్స్ పవర్, 2,600. దీనిని అమెరికాకు చెందిన ఆల్కో కంపెనీ రూపొందించినది. పేరులోని డబ్ల్యు బ్రాడ్‌గేజిని, డి డీజిలును సూచిస్తాయి. ప్రయాణికుల బండ్లను, గూడ్సు బండ్లను రెండింటినీ లాగగలదని ఎం అక్షరం తెలుపుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం ఓడరేవుకు చేర్చిన తొలితరం డీజిల్ ఇంజన్లలో ఇది ముఖ్యమైనది.

నేపథ్యం

1960లలో అమెరికా కార్ల కంపెనీలు హార్స్ పవర్ కొరకు పోటీ పడుతుండగా, ఆ దేశపు రైలింజన్ల తయారీదారుల మధ్య కూడా అటువంటి పోటీయే నడిచినది. ఆల్కో, జనరల్ మోటార్స్, జనరల్ ఎలక్ట్రిక్ ఇందులో ప్రధానమైనవి. 1950ల చివర 2,400 దగ్గర ఉన్న జనరల్ మోటార్స్ ఇంజను సామర్థ్యం 1960ల మధ్యకు 3,600కు పెరిగినది. ఆల్కో కూడా 3,600ను అందుకొన్నది కాని, స్వదేశంలో మార్కెట్టును కోల్పోయి 1969లో రైలింజన్ల తయారీని నిలిపివేసినది.

టర్బో సూపర్‌చార్జరు

ఇంజను బలం అది కాల్చగల ఇంధనంపైనా, ఆ ఇంధనం కాలుటకు లభించే గాలిపైనా ఆధారపడి ఉంటుంది. సిలిండరు తనంతట తాను పీల్చుకొనే గాలి పరిమితం. కనుక గాలిని వత్తిడితో లోనికి నెట్టుతారు. దీనినే సూపర్‌చార్జింగు అంటారు. అమెరికా మజిల్ కార్లలో సూపర్‌చార్జరును సాధారణంగా ఇంజనుకు కట్టిన బెల్టు త్రిప్పుతుంది. ఆల్కో వారి 16 సిలిండర్ల ఇంజనులో బయటకు పోయే వేడి వాయువులే ఒక టర్బైనును త్రిప్పగా, దానికి కలిపిన కంప్రెసరు గాలిని లోనికి నెట్టుతుంది.

డ్రైవరు వేగం పెంచగానే ఇంధనం పెరుగుతుంది, కాని టర్బైను పుంజుకొనుటకు కొంత వ్యవధి పడుతుంది. ఆ కొద్ది సేపు గాలి చాలక, పూర్తిగా కాలని ఇంధనం దట్టమైన నల్లని పొగగా వెలువడుతుంది. ఈ పొగ ఆల్కో ఇంజన్లకు గుర్తుగా నిలిచినది.

భారతదేశంలో ఎంపిక

1962లో డబ్ల్యు.డి.ఎం-2తో పాటు జనరల్ మోటార్స్ వారి డబ్ల్యు.డి.ఎం-4 కూడా దిగుమతి అయినది. దాని సామర్థ్యం కూడా 2,600. కనుక ఎంపికను నిర్ణయించినది హార్స్ పవర్ కాదు. తయారీ పరిజ్ఞానాన్ని భారతదేశానికి అందించుటకు ఆల్కో అంగీకరించినది, జనరల్ మోటార్స్ అంగీకరించలేదు. వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్‌లో 1964 నుండి డబ్ల్యు.డి.ఎం-2 ఇంజన్లు తయారైనాయి. ఆల్కో మూతపడిన తరువాత కూడా మూడు దశాబ్దాలకు పైగా ఈ నమూనాపై ఇక్కడ ఇంజన్లు తయారైనాయి. 1990లలో దీని సామర్థ్యాన్ని 3,100కు పెంచారు.

విశాఖపట్నంలో

జపానుకు ఖనిజం ఎగుమతి చేయుటకై 1960లలో నిర్మించిన కొత్తవలస - కిరండూల్ మార్గం తూర్పు కనుమలను దాటుతుంది. ఈ మార్గంలోని శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున కలదు. ఇటువంటి ఘాట్ మార్గంలో హార్స్ పవర్ ఒక్కటే చాలదు. చక్రానికి, పట్టాకు మధ్య పట్టు లేనిచో ఎంత బలమైన ఇంజనైనా చక్రాలు జారి నిలిచిపోతుంది. అందుచేత బరువైన బండ్లకు ఒకటికి మించిన ఇంజన్లను జతచేసి, ముందున్న ఇంజను నుండే అన్నింటినీ నడుపుతారు.

తరువాతి కాలం

1980ల తొలి సంవత్సరాలలో ఈ మార్గం విద్యుదీకరణ జరిగినది. ఆ దశాబ్దం చివర స్వీడనుకు చెందిన ఏసియా, జపానుకు చెందిన హిటాచీ కంపెనీల నుండి సుమారు 6,000 హార్స్ పవర్ గల డబ్ల్యు.ఎ.జి-6 విద్యుత్ ఇంజన్లను తెప్పించి విశాఖపట్నంలో ఉంచారు. ఇవి మొత్తం 18 మాత్రమే. దేశంలో వీటి తయారీ జరుగలేదు. 1990లలో పరిజ్ఞాన బదిలీకి అంగీకరించి జనరల్ మోటార్స్ తిరిగి వచ్చినది. దాని 4,000 హార్స్ పవర్ ఇంజన్లు కూడా వారణాసిలోనే తయారైనాయి. ఆ కర్మాగారానికి 2020లో బనారస్ లోకోమోటివ్ వర్క్స్ అని పేరు మార్చారు.