ఆయాసానికి గీసిన బొమ్మలు

ఉబ్బసానికి ఉమ్మెత్త పొగ పట్టడం మన దేశంలో పాత వైద్యమే. మద్రాసులో కంపెనీ దొరల పెద్ద డాక్టరు జేమ్స్ ఆండర్సన్ దాన్ని తన రోగులకు చెప్పేవాడు. 1802లో జనరల్ జెంట్ అనే సైనికాధికారి ఆ వైద్యాన్ని బ్రిటన్‌కు పట్టుకుపోయాడు. మన ఉమ్మెత్త అక్కడ దొరకదు కనుక దాని దాయాది మొక్కతో సరిపెట్టుకున్నారు. ఆ శతాబ్దం ముగిసేలోగా అది పెట్టెల్లో అమ్మే సరుకైపోయింది. లండన్‌లో జాయ్స్ సిగరెట్లు, పారిస్‌లో ఎస్పిక్ సిగరెట్లు, అమెరికాలో నిప్పు మీద వేసి పీల్చే హిమ్రాడ్స్ పొడి.

జాయ్స్ వాళ్ళ ప్రకటన ఒకటి నాకు భలే ఇష్టం. ఆడవాళ్ళూ పిల్లలూ కూడా నిర్భయంగా కాల్చవచ్చట. కాస్త ఓపికపడితే జబ్బు శాశ్వతంగా పోతుందట. నేను మెడికల్ రెప్‌గా విశాఖ, శ్రీకాకుళం ఏజెన్సీ దాకా బ్యాగు మోసినవాణ్ణి. శాశ్వతంగా పోతుందన్న మాట మేం ఎన్నడూ అనలేదు. నిర్భయంగా అన్న మాటకు మాత్రం చాలాసార్లు దగ్గరదాకా వెళ్ళొచ్చాం.

ఊపిరితిత్తుల మందుల ప్రకటన కథ అమెరికాలో పొగాకు ప్రకటన కథతో కలిసే నడిచింది. 1946లో కామెల్ కంపెనీ డాక్టర్లు ఎక్కువమంది మా సిగరెట్లే తాగుతారని చాటింది. తెల్లకోటు వేసుకున్న డాక్టరు చేతిలో సిగరెట్టు. 1971 జనవరి 2 నుంచి టీవీలో, రేడియోలో సిగరెట్ల ప్రకటనలు నిషేధించారు. 1997 ఆగస్టులో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధనలు సడలించాక, డాక్టరు చీటీ మీద అమ్మే మందులు అదే టీవీలోకి వచ్చాయి. కామెల్ డాక్టర్ను చూసి పొగ మొదలుపెట్టిన ఇరవయ్యేళ్ళ కుర్రాడికి అప్పటికి డెబ్బై ఒకటి. మందుల కంపెనీలకు కావలసిన ప్రేక్షకుడు సోఫాలో సిద్ధంగా ఉన్నాడు.

న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంట్లో సాయంత్రం వార్తలు చూస్తుంటే వార్తలకంటే ఈ మందుల ప్రకటనలే ఎక్కువనిపించేవి. కోడలు ఛానల్ మార్చబోతే వద్దనేవాణ్ణి, పాత వృత్తి కదా. నాకు గుర్తున్నవి సీఓపీడీకి, అంటే పొగ వల్ల ఊపిరితిత్తులు పాడై ఆయాసపెట్టే జబ్బుకు, పీల్చే మందులు. సింబికార్ట్ ప్రకటనలో మూడు పందిపిల్లల కథలోని తోడేలు ఇల్లు ఊదలేక ఆయాసపడుతుంది. అనోరో వాళ్ళు ఫ్లీట్‌వుడ్ మ్యాక్ పాట కొన్నారు, ట్రెలిజీ వాళ్ళు జాక్సన్ ఫైవ్ పాట. తాతలు గాలం వేస్తారు, నాయనమ్మలు మనవల వెంట నడుస్తారు. ప్రాణాపాయం గురించి వెనకనుంచి గొంతు గబగబా చదువుతుంటే తెర మీద ఎవరో నవ్వుతుంటారు. దుష్ఫలితాలు చెప్పేటప్పుడు ధ్యాస మళ్ళించే హంగులు ఉండకూడదని ఎఫ్‌డీఏ 2023 నవంబరులో గానీ నిబంధన ఖరారు చేయలేదు.

వీటన్నిటిలో నిజానికి దగ్గరగా వచ్చింది స్పిరీవా వాళ్ళ ఏనుగు. ఛాతీ మీద ఏనుగు కూర్చున్నట్టు ఉంటుందని చెప్పడం అబద్ధం కాదు. అది గీసినవాడికి రోగి ఎవరో తెలిసే ఉంటుంది. కానీ ఆ బొమ్మ బరువును చూపింది, కాలాన్ని చూపలేదు. స్పిరీవాలోని టయోట్రోపియం, ఉమ్మెత్తలో ఉండే అట్రోపిన్ వంశపు మందే. బిగిసిన గొట్టాలను వదులు చేస్తుంది, మంచి మందు. 2008లో వచ్చిన అప్‌లిఫ్ట్ అధ్యయనంలో దాదాపు 6,000 మంది సీఓపీడీ రోగులను నాలుగేళ్ళు చూశారు. జబ్బు ఉన్నట్టుండి ముదిరే సందర్భాలు తగ్గాయి, బతుకు కొంత సుఖపడింది. ఊపిరితిత్తులు ఏటేటా క్షీణించే వేగం మాత్రం తగ్గలేదు. ఏనుగు లేచి పక్కన నిలబడుతుంది, అంతే. గాలం వేసే తాత రెండేళ్ళ తర్వాత ఎలా ఉంటాడో ఏ ప్రకటనా చూపదు.

ఈ జబ్బుతో నేను దగ్గరగా చూసిన మనిషి మా మేనత్త. పొందూరు దగ్గర పల్లె. చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగేది, దానికి తోడు కట్టెల పొయ్యి. చివరి రోజుల్లో మంచం పట్టె మీద రెండు చేతులూ ఆనించి ముందుకు వంగి కూర్చునేది. పడుకుంటే ఊపిరాడదు. “ఒరే... కూకో” అని, ఊపిరి తీసుకుని, “అన్నం... తిన్నావేటి” అనేది. పెరట్లోకి వెళ్ళాలంటే మధ్యలో గోడకు ఆనుకోవాలి. స్నానం వాయిదా వేసేది. వంటింటి గుమ్మం దాకా రావడమే ఆమెకు ఆ రోజు ప్రయాణం. మందు పని చెయ్యలేదని కాదు. గుళిక రోటాహేలర్‌లో వేసి తిప్పి పీల్చిన పూట గోడ దగ్గర ఆగకుండా పెరట్లోకి వెళ్ళొచ్చేది. ఆ మందు ఇచ్చింది అంతే, అదేం తక్కువ కాదు. దాన్ని ఉన్నదున్నట్టు గీస్తే అమ్ముడుపోదని మా వాళ్ళ నమ్మకం.

మన దేశంలో చీటీ మందులకు జనంలో ప్రకటన ఇవ్వకూడదు. ఉబ్బసం నయం చేస్తామని ఏ మందు మీదా చెప్పుకోకూడదని డ్రగ్స్ రూల్స్‌లోని షెడ్యూల్ జె చెబుతుంది. మృగశిర కార్తెకు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసానికి మందు చేపను మింగే జనానికి ఏ ప్రకటనా అక్కర్లేదు. ఆ చేపమందును ఇప్పుడు ప్రసాదమనే పిలుస్తున్నారు.

మా మందులకు జనంలో ప్రకటన కుదరదు కనుక ఇక్కడ బొమ్మ డాక్టరు బల్ల మీదికి వెళ్ళింది. మేం పేజీలు తిప్పి చూపే విజువల్ ఎయిడ్ అదే. అందులో సూటు వేసుకున్న నెరిసిన జుట్టాయన పార్కులో చేతులు చాచి నిలబడతాడు. శ్రీకాకుళం జిల్లాలో క్యూలో కూర్చున్న రోగుల్లో సగం మంది ఆడవాళ్ళు. మా బ్యాగులోని ఏ పేజీలోనూ పొయ్యి లేదు, చుట్ట లేదు, చీర కట్టిన ముసలమ్మ లేదు. డాక్టర్లు అడగలేదు, మేమూ అడగలేదు.

తర్వాత కంపెనీలు మందు పేరు ఎత్తకుండా జబ్బు గురించి మాట్లాడటం నేర్చాయి. 2018లో సిప్లా కంపెనీ ‘బేరోక్ జిందగీ’ ప్రచారానికి ప్రియాంక చోప్రా వచ్చింది, తనకూ ఆస్తమా ఉందని చెప్పింది. ఇన్హేలరంటే అలవాటైపోతుందని భయపడే మన జనానికి అది మంచే చేసి ఉంటుంది. అయితే అది ఆస్తమా. అందులో ఇన్హేలర్ పీల్చి మళ్ళీ పరుగెత్తే యువతిని నిజాయితీగానే చూపవచ్చు. సీఓపీడీ అలాంటిది కాదు. పోయిన ఊపిరితిత్తి తిరిగి రాదు. ఆ జబ్బుకు సినిమా తార ఎవరూ దొరకలేదంటే నాకు ఆశ్చర్యం లేదు.