పలుకని ప్రింటరు: ‘ఆఫ్‌లైను’ అను మాట చరిత్ర

ఇంటిలో ఒక మూల ప్రింటరు ఉన్నది. దాని దీపము వెలుగుచున్నది. పళ్లెములో కాగితములు, లోపల సిరా ఉన్నవి. నిన్నటివరకు చక్కగా పనిచేసినది. నేడు పరీక్షకు పోవలసిన విద్యార్థి హాల్‌టికెట్టును ముద్రించుకొనబోగా కంప్యూటరు తెరపై ‘ఆఫ్‌లైను’ అను ఒక్క మాట కనబడును. యంత్రము చెడిపోయినదని ఇంటివారు నిశ్చయించుకొందురు. బాగుచేయువానికై వెదకుదురు, లేదా క్రొత్తది కొందురు. నిజమునకు ఆ మాట ప్రింటరు చెప్పినది కాకపోవచ్చును. తనకు జవాబు రాలేదని కంప్యూటరు అట్లు తెలుపుకొనుచుండవచ్చును. ఈ భేదము ఎట్లు ఏర్పడినదో తెలియవలెనన్న, ఆ చిన్న మాట డెబ్బది యేండ్లలో ఎన్ని అర్థములను ధరించినదో చూడవలెను.

లోపమునకు పేరు కాని రోజులు

1950 దశకములో కంప్యూటరు ఒక పెద్ద గదిని నింపు యంత్రము. దాని కాలము మిక్కిలి ఖరీదైనది. లెక్కలు విద్యుత్తు వేగముతో జరుగును. ముద్రణకు మాత్రము అచ్చులు, సుత్తులు కదలవలెను. ప్రింటరు ఒక పంక్తిని కొట్టునంతలో పెద్ద కంప్యూటరు వేలకొలది కూడికలు చేయగలదు. అట్టి యంత్రమును ప్రింటరు కొరకు నిలిపియుంచుట దుబారా. కావున కంప్యూటరు తన ఫలితములను అయస్కాంతపు టేపుపై వ్రాసెడిది. ఆ టేపు చుట్టను ఒక ఉద్యోగి చేతితో తీసికొనిపోయి, ముద్రణకై ఉంచిన వేరొక చిన్న యంత్రమునకు తగిలించెడివాడు. 1959లో ఐ.బి.ఎం. సంస్థ ప్రకటించిన 1401 కంప్యూటరు, దానితో వచ్చిన 1403 ప్రింటరు ఈ పనిలో పేరుపొందినవి. ఆ ప్రింటరు నిమిషమునకు 600 పంక్తులను కొట్టెడిది.

ఇట్లు పెద్ద కంప్యూటరుతో సంబంధము లేకుండ చేయు ముద్రణకే ‘ఆఫ్‌లైను’ అని పేరు. అది లోపము కాదు. ధనమును, కాలమును ఆదాచేయు మంచి పద్ధతి.

1960 దశకములో ఈ టేపు మోతను తప్పించు ఉపాయము ఒకటి వాడుకకు వచ్చెను. ముద్రింపవలసిన దానిని కంప్యూటరు తన వద్దనే ఒక వరుసలో దాచుకొని, ప్రింటరు తీరికను బట్టి కొంచెము కొంచెముగా పంపును. దీనికి ‘స్పూలింగు’ అని పేరు. స్పూలు అనగా దారపు కండె. నేటి కంప్యూటరులోను ముద్రణపు పనులు ముందుగా ఇట్టి వరుసలోనే చేరును. అందువలన ఒక చిక్కు కూడ వచ్చినది. ‘పంపితిని’ అని కంప్యూటరు చెప్పినను, పని వరుసలో చేరినదని మాత్రమే దాని భావము. కాగితముపై పడినదని కాదు.

తీగ చెప్పిన సత్యము

1970లో అమెరికాలోని సెంట్రానిక్స్ సంస్థ 101 అను నమూనా ప్రింటరును వెలువరించెను. దానిని కంప్యూటరుతో కలుపు త్రాడులో ఎనిమిది తీగలు అక్షరపు సంకేతమును మోయును. మరికొన్ని తీగలు ప్రింటరు నుండి వెనుకకు వార్త తెచ్చును. ‘అందినది’ అని ఒకటి, ‘పనిలో ఉన్నాను, ఆగుము’ అని ఒకటి, ‘కాగితము అయిపోయినది’ అని ఒకటి, ‘లోపమున్నది’ అని ఒకటి, ‘లైనులో ఉన్నాను’ అని ఒకటి. ఈ చివరి తీగకు ‘సెలెక్టు’ అని పేరు. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. వ్యక్తిగత కంప్యూటరు కూడ ఈ ఏర్పాటునే కొద్ది మార్పులతో గ్రహించుటచే ఇది లోకమంతట వ్యాపించెను.

ఆ కాలపు ప్రింటర్లపై ‘ఆన్‌లైను’ అను మీట ఉండెడిది. కాగితమును ముందుకు జరుపదలచినవాడు దానిని నొక్కును. ప్రింటరు లైను నుండి తొలగును. సెలెక్టు తీగ ఆ సంగతిని వెంటనే కంప్యూటరుకు తెలుపును. మరల నొక్కిన ప్రింటరు లైనులోనికి వచ్చును. అప్పుడు ‘ఆఫ్‌లైను’ అనునది ఒక మనిషి చేసిన పని, ఒక తీగ చెప్పిన సాక్ష్యము. ఆ మాటను నమ్మి నడచుకొనవచ్చును.

అయినను తీగల సాక్ష్యమునకు హద్దు కలదు. కాగితమున్నది, ప్రింటరు లైనులోనే ఉన్నది, కాని లోపపు తీగ మాత్రము మొరపెట్టుచున్నది అనుకొందము. లోపమేమో కంప్యూటరుకు ఎట్లు తెలియును? 1991లో పుట్టిన లినక్సు వ్యవస్థలో, ఇట్టి స్థితికి ‘ప్రింటరు మండుచున్నది’ అను సందేశమును పరిహాసముగా వ్రాసిరి. కారణము తెలియని చోట ఊహయే సందేశమైనదని ఆ హాస్యము చెప్పుచున్నది.

1996లో యు.ఎస్.బి. ప్రమాణము వెలువడి, క్రమముగా ఆ లావు త్రాడు మూలబడినది. కాని యు.ఎస్.బి. ప్రింటరును దాని స్థితి చెప్పుమని కంప్యూటరు అడిగినపుడు వచ్చు జవాబులో నేటికిని మూడు అంశములే ఉన్నవి: కాగితము లేదా, లైనులో ఉన్నదా, లోపమున్నదా. తీగలు పోయినను ఆ ప్రశ్నలు పోలేదు.

వార్త అందని ప్రయోగశాల

ప్రింటరు సంగతి తెలియకపోవుట ఎంత దూరము పోగలదో చూపు ఘట్టము ఒకటి కలదు. అమెరికాలోని ఎం.ఐ.టి. కృత్రిమ మేధ ప్రయోగశాలలో ప్రింటరు వేరొక అంతస్తులో ఉండెడిది. కాగితము ఇరుకుకొన్నను, తమ గదులలో కూర్చున్నవారికి ఆ సంగతి తెలిసెడిది కాదు. రిచర్డ్ స్టాల్‌మన్ అక్కడి సాఫ్టువేరును సవరించి, కాగితము ఇరుకుకొనిన వెంటనే ముద్రణకై వేచియున్నవారికి వార్త పోవునట్లు చేసెను. ఇరుకును మాన్పలేకపోయినను, ఎవరో ఒకరు లేచిపోయి సరిచేయుటకు ఆ వార్త చాలినది. తరువాత ఒక క్రొత్త లేజరు ప్రింటరు వచ్చెను. దాని సాఫ్టువేరు మూలరూపము వారికి ఈయబడలేదు. కావున ఆ సవరణను దానికి చేర్చుట సాధ్యము కాలేదు. 1983లో తాను ప్రకటించిన గ్నూ ఉద్యమమునకు ప్రేరకములైన అనుభవములలో దీనిని ఒకటిగా ఆయన పలుమార్లు చెప్పెను.

తీగ నుండి చిరునామాకు

ప్రింటర్లు నెట్‌వర్కులోనికి వచ్చిన పిమ్మట కంప్యూటరుకును ప్రింటరుకును నడుమ నేరుగా తీగ లేకపోయెను. ఉన్నది ఒక చిరునామా, దానికి పంపు ఉత్తరము మాత్రమే. 1990లో ఎస్.ఎన్.ఎం.పి. అను పద్ధతికి ప్రమాణపత్రము వెలువడెను. నెట్‌వర్కులోని యంత్రమును దాని క్షేమము అడుగుట ఈ పద్ధతి. ప్రింటర్లను ప్రత్యేకముగా అడుగవలసిన ప్రశ్నల పట్టిక 1995లో సిద్ధమయ్యెను. విండోసు వ్యవస్థ నెట్‌వర్కు ప్రింటరును ఈ పద్ధతిలో అడిగి, జవాబు రానిచో ‘ఆఫ్‌లైను’ అని వ్రాయును. ప్రింటరు క్షేమముగా ఉండి, ఈ ఒక్క ప్రశ్నకు మాత్రము జవాబీయకున్నను తెరపై కనబడునది అదే మాట.

చిరునామాయు స్థిరమైనది కాదు. 1993లో డి.హెచ్.సి.పి. అను పద్ధతి ప్రమాణమైనది. దీని ప్రకారము ఇంటిలోని రౌటరు ప్రతి యంత్రమునకు ఒక సంఖ్యను కొంత గడువునకు అద్దెకిచ్చును. కరెంటు పోయి వచ్చినపుడు, లేదా గడువు తీరినపుడు ప్రింటరుకు వేరొక సంఖ్య రావచ్చును. కంప్యూటరు మాత్రము పాత ఇంటి తలుపునే తట్టుచుండును. ఈ చిక్కును తీర్చుటకై, సంఖ్యకు బదులు పేరుతో యంత్రములు ఒకదానినొకటి పిలుచుకొను పద్ధతిని స్టువర్ట్ చెషైర్ మొదలగువారు రూపొందించిరి. ఆపిల్ సంస్థ దానిని 2002లో వాడుకలోనికి తెచ్చెను. 2013లో అది ఇంటర్నెట్టు ప్రమాణమయ్యెను. అయినను ఆ పిలుపు సాధారణముగా ఒక నెట్‌వర్కు గోడలు దాటదు. కంప్యూటరు అతిథుల వై-ఫైలోను, ప్రింటరు ఇంటి వై-ఫైలోను ఉన్నచో రెండును ఒకే గదిలో ఉన్నను ఒకదానికొకటి వినబడవు.

చరిత్ర చూపు క్రమము

ఈ చరిత్ర తెలిసినవానికి పరీక్షించు క్రమము తానే తోచును. మొదట ప్రింటరునే అడుగవలెను. కంప్యూటరుతో పనిలేకుండ, దాని మీటలతోనే సమాచార పత్రమును ముద్రింపజేయు వీలు చాల ప్రింటర్లలో కలదు. ఆ పత్రము వచ్చినచో ముద్రణాంగములు బాగున్నవని తేలినది. ప్రింటరు నిద్రాస్థితిలో ఉండినచో ఈ పనితోనే మేలుకొనును.

రెండవది దారి. ఆ పత్రముపై ప్రింటరు చేరియున్న వై-ఫై పేరు, దాని నేటి చిరునామా సాధారణముగా ఉండును. కంప్యూటరు కూడ అదే వై-ఫైలో ఉన్నదా అని చూడవలెను. ఆ చిరునామాను బ్రౌజరులో వ్రాసినపుడు ప్రింటరు తన పుటను చూపినచో దారి సరిగా ఉన్నది. అట్లయిన కంప్యూటరు తన జాబితాలో వ్రాసికొనిన చిరునామాను దీనితో పోల్చవలెను. తేడా ఉన్నచో ప్రింటరును జాబితా నుండి తీసివేసి మరల చేర్చుటతో పని తీరును.

మూడవది వరుస. ముందు పంపిన పని ఒకటి అడ్డుపడియున్న వెనుకవి కదలవు. అడ్డుపడిన దానిని తొలగించి, అప్పటికిని కదలనిచో స్పూలరును ఆపి మరల నడుపవలెను. విండోసు యొక్క అనేక రూపములలో ‘ప్రింటరును ఆఫ్‌లైనుగా వాడుము’ అను ఏర్పాటు ఒకటి ఉన్నది. పొరపాటున దానికి గురుతు పడియుండిన తీసివేయవలెను. ఆతురతతో అదే పనిని ఐదుసార్లు పంపినవానికి, ప్రింటరు మేలుకొనిన పిదప ఐదు ప్రతులు వచ్చును.

చివరకు రౌటరులో ప్రింటరుకు ఒక స్థిరమైన చిరునామాను కేటాయించినచో మరల కరెంటు పోయివచ్చినను పాత తలుపు మారదు.

ఒకనాడు ‘ఆఫ్‌లైను’ ఒక పద్ధతి. పిదప ఒక మీట. నేడు తరచుగా ఒక ఊహ. పిలిచినపుడు పలుకనివాడు ఇల్లు విడిచిపోయినాడని తలచుట తొందరపాటు. నిద్రించుచుండవచ్చును, వేరొక గదికి మారియుండవచ్చును. తలుపు తట్టి చూచిన తరువాతనే తీర్పు చెప్పవలెను. అట్లు చూచిన ఇంటిలో హాల్‌టికెట్టు వేళకు చేతికి వచ్చును. బాగున్న యంత్రము చెత్తకుప్పకు పోదు.